నడివయసులో ఆటిజం అని తెలిశాక: సృజనాత్మక పని చేసేవారికి ఒక సమగ్ర మార్గదర్శి

నాకు ఆటిజం ఉందని 43వ ఏట తెలిసింది. అప్పటికి 18 ఏళ్లుగా పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. నిర్ధారణ పత్రం చేతికి వచ్చిన రోజు నాకు మొదట తోచింది, ఇన్నాళ్లూ నేను బద్ధకస్తుణ్ని కాదన్నమాట అని. ఆ వెంటనే, మరి ఇప్పుడేం చెయ్యాలి అని. మొదటి ఆలోచన ఇచ్చిన ఊరట కొన్ని వారాల్లోనే పలచబడింది. రెండో ప్రశ్నకు జవాబు దొరకడానికి మాత్రం 4 ఏళ్లు పట్టింది. ఆ 4 ఏళ్లలో చదివి, ప్రయత్నించి, పొరబడి, నిలబెట్టుకున్న పద్ధతులే ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను.

ఆలస్యంగా నిర్ధారణ అయినవారిలో చాలామంది అప్పటిదాకా తమను తాము సరిదిద్దుకునే ప్రయత్నంలోనే బతికి ఉంటారు. కొత్త దినచర్యలు, కొత్త ప్రతిజ్ఞలు, ఇతరుల పనితీరును అనుకరించడం, అది కుదరనప్పుడు తమనే తిట్టుకోవడం వారికి అలవాటైపోతుంది. ఈ మార్గదర్శి సూచించేది దానికి ఎదురు దారి. సరిదిద్దవలసింది మనిషిని కాదు, ఆ మనిషి పని చేసే పరిస్థితులను. మీరు రచయిత అయినా, సంగీతకారులైనా, చిత్రకారులైనా, డిజైనర్ అయినా వరుస ఇదే. వివరాలు మాత్రం మీ పనికి తగ్గట్టు మార్చుకోవాలి.

మొదటి మెట్టు: ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదో తెలుసుకోండి

ఇది చరిత్ర పాఠంలా కనిపించవచ్చు గాని, దీన్ని దాటవేస్తే "నేనే ముందుగా గ్రహించి ఉండాల్సింది" అనే అపరాధ భావం చాలాకాలం వెంటాడుతుంది. ఆటిజాన్ని తొలినాళ్లలో వర్ణించిన వైద్యులు గ్రున్యా సుఖరేవా 1925లో, లియో కానర్ 1943లో, హాన్స్ ఆస్పెర్గర్ 1944లో రాసినవన్నీ పిల్లల గురించే. కానర్ వర్ణించిన 11 మందిలో అమ్మాయిలు ముగ్గురే. స్త్రీలలో ఆటిజాన్ని పోల్చుకోవడం ఎంతో ఆలస్యం కావడానికి ఇలాంటి ఆరంభం కూడా ఒక కారణం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వెలువరించే మానసిక స్థితుల నిర్ధారణ గ్రంథమైన డీఎస్‌ఎమ్‌లో ఆటిజానికి విడిగా చోటు దొరికింది 1980లో, అదీ శైశవ ఆటిజం అన్న పేరుతో. మాటలు సకాలంలో వచ్చి, చదువులో వెనకబడనివారిని కూడా లెక్కలోకి తెచ్చిన ఆస్పెర్గర్ విభాగం అందులో చేరేసరికి 1994 అయింది. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5 ఈ విభాగాలన్నిటినీ ఒకే స్పెక్ట్రమ్‌గా కలిపి, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి ఇంద్రియ భేదాలను లక్షణాల్లో చేర్చి, ఆటిజం, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం) రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని ఒప్పుకుంది. అంటే 1994కు ముందే బడి ముగించుకున్న, గలగలా మాట్లాడగల పిల్లల స్థితికి ఆ రోజుల్లో ఉపాధ్యాయుల దగ్గర గాని, వైద్యుల దగ్గర గాని సరైన పేరే లేదు.

మరో మాట కూడా అందులో ఉంది. లక్షణాలు బాల్యం నుంచే ఉండాలి గాని, సామాజిక అవసరాలు మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చని, పెద్దయ్యాక నేర్చుకున్న ఉపాయాల చాటున దాగి ఉండవచ్చని డీఎస్‌ఎమ్-5 చెబుతుంది. "ఇన్నేళ్లు బాగానే ఉన్నావు కదా" అనేవారికి ఇంతకంటే సూటైన జవాబు నాకు తెలియదు.

ఇంకా అనుమానం దగ్గరే ఉన్నవారు ఆటిజం లక్షణాలను స్వయంగా చూసుకునే 50 ప్రశ్నల ఏక్యూ, 80 ప్రశ్నల ర్యాడ్స్-ఆర్, నలుగురిలో కలిసిపోవడానికి తన తీరును దాచుకునే మాస్కింగ్‌ను కొలిచే 25 ప్రశ్నల క్యాట్-క్యూ నింపి చూసుకోవచ్చు. అవి దిక్కు చూపిస్తాయే గాని తీర్పు చెప్పవు. తీవ్రమైన ఆందోళన, ఏడీహెచ్‌డీ ఉన్నవారికి కూడా వాటిలో ఎక్కువ మార్కులు రావచ్చు. పెద్దవాళ్ల ఆటిజంలో అనుభవం ఉన్న సైకియాట్రిస్టును గాని, క్లినికల్ సైకాలజిస్టును గాని కలిసేటప్పుడు పాత ప్రోగ్రెస్ రిపోర్టులు, మీ బాల్యం బాగా గుర్తున్న ఒక పెద్దవారి జ్ఞాపకాలు వెంట తీసుకెళ్లండి.

నిర్ధారణ జరిగిన మొదటి 6 నెలల్లో ఉద్యోగం మానడం, ఊరు మారడం, బంధాలు తెంచుకోవడం వంటి పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. ఊరట, దుఃఖం, కోపం ఒకదాని మీద ఒకటి వచ్చి పడే కాలమది. ఆ కాలంలో చేయవలసిన పని రెండో మెట్టులో ఉంది.

రెండో మెట్టు: పాత సంఘటనలను తిరిగి రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతి పేజీనీ నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు, పని విషయంలో మీరు విఫలమయ్యారని మీరో ఇతరులో అనుకున్న ఒక సంఘటనను, అప్పుడు పడిన నిందను రాయండి. కుడివైపు, ఆ గదిలో, ఆ గంటలో మీ ఇంద్రియాలకు, మీ శ్రద్ధకు ఏం జరిగిందో మాత్రమే రాయండి. విశేషణాలు వద్దు, వస్తువులు, శబ్దాలు, వేళలు చాలు.

నా పుస్తకంలో ఒక పేజీ ఇది. ఒక ప్రచురణ సంస్థలో సమావేశం జరుగుతోంది. తలపైన ట్యూబులైటు సన్నగా గుయ్యిమంటోంది. ముగ్గురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు. అట్ట మీద నది కాస్త తేలిగ్గా ఉండాలని ఒకరు, అందులో జీవం రావాలని ఇంకొకరు అన్నారు. నేను అన్నిటికీ తలూపాను. ఇంటికి వచ్చి ఆ నదిని 9 రోజుల్లో 6 సార్లు వేశాను. తేలిక అంటే రంగు పలచన కావడమా, గీత సన్నబడటమా, కాగితం మీద ఖాళీ పెరగడమా అన్నది నేను అడగలేదు. అడగవచ్చని కూడా అప్పుడు తోచలేదు. ఎడమవైపు నేను రాసుకున్న నింద: "చెప్పింది పట్టించుకోడు, గడువు దాటిస్తాడు." కుడివైపు రాసినవి: ట్యూబులైటు, మూడు గొంతులు, కొలతకు లొంగని రెండు మాటలు.

ఈ పనిలోని ప్రయోజనం ఓదార్పు ఒక్కటే కాదు. ఎడమవైపు నిందకు విరుగుడు ఏమీ ఉండదు. కుడివైపు ఉన్న ప్రతిదానికీ ఏదో ఒక ఏర్పాటు సాధ్యమవుతుంది. ఒక 20 సంఘటనలు రాసేసరికి కుడివైపు అవే నాలుగైదు విషయాలు తిరిగి తిరిగి కనిపిస్తాయి. మీరు ముందుగా మార్చవలసిన పరిస్థితుల జాబితా అదే.

మూడో మెట్టు: ఇంద్రియాల లెక్క తీయండి

చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శలతో పాటు మరో మూడింటిని కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. శరీరపు సమతూకాన్ని చెప్పేది ఒకటి, కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో చెప్పేది మరొకటి, ఆకలి, దాహం, అలసట వంటి లోపలి సంకేతాలను చెప్పేది ఇంకొకటి. వీటిలో దేనిలోనైనా మీ స్పందన మితిమీరి ఉండవచ్చు, లేదా అతి తక్కువగా ఉండవచ్చు. ఒకే మనిషిలో రెండూ ఉండటం మామూలే. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడే మనిషికే 7 గంటలు గడిచినా ఆకలి తెలియకపోవచ్చు.

14 రోజులపాటు, పని ఆగిపోయిన ప్రతిసారీ సమయం, చోటు, చుట్టూ ఉన్న శబ్దం, వెలుతురు, చివరిగా తిన్న వేళ రాసుకోండి. తర్వాత ఒక్కొక్క మార్పే చేసి, కనీసం ఒక వారం గమనించండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. శబ్దాన్ని తగ్గించే హెడ్‌ఫోన్లు, నేరుగా కంట పడకుండా పక్కనుంచి వచ్చే దీపపు వెలుతురు, మెడ దగ్గర గీసుకోని బట్టలు సాధారణంగా మొదట ఫలితమిచ్చేవి. లోపలి సంకేతాలు అందనివారు తిండికి, నీళ్లకు అలారం పెట్టుకోవాలి. దీన్ని క్రమశిక్షణ లోపంగా ఎవరైనా అంటే పట్టించుకోనక్కరలేదు.

తప్పించుకోవలసినవాటి జాబితా ఒక్కటే తయారు చేసి ఆగిపోకండి. హాయినిచ్చేవాటి జాబితా కూడా అంతే ముఖ్యం, నా దృష్టిలో ఇంకాస్త ఎక్కువే. గరుకు కాగితం మీద మెత్తని పెన్సిలు ఆగి ఆగి సాగే చప్పుడు నన్ను పనిలో కూర్చోబెట్టినంతగా ఏ ప్రణాళికా కూర్చోబెట్టలేదు. ఆ సంగతి తెలిశాక కంప్యూటర్ తెర మీద మొదటి ప్రతి గీయడం మానేసి, కాగితం మీద గీసి స్కాన్ చేయడం మొదలుపెట్టాను.

నాలుగో మెట్టు: మీ శ్రద్ధ నడిచే దారిని బట్టి రోజును కట్టుకోండి

పరిశోధకులు డైనా ముర్రే, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో ప్రచురించిన పత్రంలో మోనోట్రోపిజం అనే భావనను వివరించారు. ఏ మనిషికైనా శ్రద్ధ పరిమితమే. ఆటిజం ఉన్నవారిలో ఆ శ్రద్ధ ఒకే సమయంలో పలు దిక్కులకు పలచగా పరుచుకోకుండా, ఒకటి రెండు ఆసక్తుల వైపు బలంగా ప్రవహిస్తుందన్నది దాని సారాంశం. దీన్ని సొరంగంతో పోలుస్తారు. సొరంగంలో ఉన్నంతసేపూ పని అద్భుతంగా సాగుతుంది. ఇబ్బంది అంతా లోపలికి వెళ్లే చోట, బయటికి వచ్చే చోట. చేయాలని ఉన్నా మొదలుపెట్టలేకపోవడం, మొదలుపెట్టాక ఆపలేకపోవడం, రెండూ ఒకే జడత్వానికి రెండు ముఖాలు. అందుకే సాధారణ సమయ నిర్వహణ సలహాలు మనకు తరచూ బెడిసికొడతాయి. 25 నిమిషాలకు ఒకసారి గంట మోగించే పద్ధతి కొందరికి ఉపకరించవచ్చు గాని, లోతుకు చేరడానికే 40 నిమిషాలు పట్టే మనిషికి ఆ గంట మోగేది గుమ్మం దగ్గరే.

కాబట్టి ముందుగా మీకు లోతుకు చేరడానికి ఎంతసేపు పడుతుందో ఒక వారం కొలవండి. దానికి కనీసం మూడు రెట్ల సమయం ఎడతెగకుండా దొరికే పూటలు వారంలో ఎన్ని ఉన్నాయో చూడండి. నాకు వారానికి నాలుగు పూటలే దొరికాయి. ఆ నాలుగింటిని కాపాడుకోవడమే నా వృత్తి జీవితంలో అతి పెద్ద మార్పు. ఫోన్లు, సమావేశాలు, బిల్లులు, ఉత్తరాలు అన్నిటినీ మిగతా రోజుల్లో ఒకచోట కుప్పగా పెట్టుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాల ఫోను ఒకటి ఉందంటే, ఉదయం నుంచే మనసు ఆ మూడింటి కోసం కాచుకుని కూర్చుంటుంది. కాబట్టి ఆ ఫోను ఖరీదు పది నిమిషాలు కాదు, పూర్తి పూట.

లోపలికి వెళ్లడానికి ప్రతిసారీ మారని ఒక చిన్న క్రమం ఏర్పరచుకోండి. అదే కుర్చీ, అదే దీపం, అదే పాట వరసగా, మొదటి ఐదు నిమిషాలు ఆలోచన అక్కరలేని చేతిపని. నేను పెన్సిళ్లు చెక్కుతాను. సంగీతకారులు శ్రుతి చూసుకోవచ్చు, రచయితలు నిన్నటి చివరి పేరాను చేత్తో మళ్లీ రాయవచ్చు.

బయటికి రావడానికి నేను వాడేది రేపటి చీటీ. పని ఆపే ముందు అరచేయంత కాగితం మీద, రేపు చేయవలసిన మొట్టమొదటి కదలికను రాసి బల్ల మధ్యలో పెడతాను. "బొమ్మ పూర్తి చేయాలి" అని కాదు. "ముసలామె ఎడమ చేతి కింద నీడ, 2బీ పెన్సిలు, కుడి నుంచి ఎడమకు" అని. మరునాడు ఉదయం నిర్ణయం తీసుకునే పని ఉండదు, చీటీ చెప్పింది చేయడమే ఉంటుంది. మొదలుపెట్టడంలో కష్టమంతా నిర్ణయంలోనే ఉన్నవారికి ఈ తేడా చాలా పెద్దది. చీటీ రాయడం మరో మేలు కూడా చేస్తుంది: తెగని ఆలోచన కాగితం మీదికి దిగుతుంది కనుక రాత్రి నిద్రను అంతగా పట్టి లాగదు.

చేతిలో ఒకేసారి ఐదారు పనులు పెట్టుకోకండి. ఒక పెద్దది, దానికి సంబంధం లేని ఒక చిన్నది, అంతే. ఆసక్తి లేని పని ఒప్పుకోక తప్పనప్పుడు, అందులో మీ ఆసక్తిని తాకే అంచు ఏదైనా ఉందేమో వెతకండి. రైళ్ల మీద మక్కువ ఉన్నవారికి బ్యాంకు నివేదిక రూపకల్పన విసుగే. కానీ అందులోని పట్టికలను టైమ్‌టేబుల్ లాగా అమర్చవచ్చని తోచిన క్షణం నుంచి అదే పని మరోలా కనిపిస్తుంది.

ఐదో మెట్టు: ముసుగును చోటు చూసి తీయండి

మాస్కింగ్ అంటే అబద్ధమాడటం కాదు. బతకడానికి నేర్చుకున్న అనువాదం. క్యాట్-క్యూ రూపకర్తలు 2019లో దాన్ని మూడు పాయలుగా చూపారు. రాని నైపుణ్యాలకు బదులు ఉపాయాలు వాడటం ఒకటి, సహజ కదలికలను, స్పందనలను దాచడం రెండోది, ఇష్టం లేకపోయినా గుంపులో కలిసిపోయినట్టు నటించడం మూడోది. వీటిలో మీకు ఏది ఎక్కువ ఖర్చు పెట్టిస్తోందో గుర్తించండి. సమావేశం తర్వాత ఎంతసేపు పడుకోవలసి వస్తోందో అదే కొలత.

అన్నిచోట్లా ఒక్కసారిగా ముసుగు తీయమని నేను చెప్పను. కొన్ని గదుల్లో అది ఇంకా రక్షణే. ముందు ఒంటరిగా పని చేసే గదిలో తీయండి: ఊగాలనిపిస్తే ఊగండి, చేతులు ఆడించాలనిపిస్తే ఆడించండి, ఒకే వాక్యాన్ని పదిసార్లు పైకి అనుకోవాలనిపిస్తే అనుకోండి. స్టిమ్మింగ్ అనే ఈ కదలికలు శరీరం తనను తాను సర్దుకునే మార్గం. తర్వాత నమ్మకమున్న ఒక్క మనిషి ఎదుట, తర్వాత ఇంకొకరి ఎదుట.

ముసుగు పనిలోకి కూడా చొరబడుతుంది, సృజన చేసేవారికి ఇది కీలకం. ఇతరులను చూసి మాట్లాడటం నేర్చుకున్నట్టే, ఇతరులను చూసి బొమ్మలు వేయడం, రాయడం కూడా నేర్చుకుని ఉంటాము. మీ పాత పనులన్నీ నేల మీద పరిచి, ఎవరి మెప్పు కోసమూ కాకుండా చేసినవాటిని వేరు చేయండి. వాటిలో ఒకే వస్తువు, ఒకే ఆకారం, ఒకే లయ మళ్లీ మళ్లీ వస్తే దాన్ని లోపంగా చూడకండి. పునరావృతం మీ సహజ రూపం కావచ్చు. వరుస చిత్రాలు, చక్రీయ కథలు, ఒకే రాగంపై ఏళ్ల సాధన దానికి తగిన ప్రక్రియలు.

తన భావోద్వేగాలను గుర్తించి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సితిమియా అంటారు. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి అది ఉంటుంది. "ఈ పాత్రకు ఏమనిపిస్తోంది" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయేవారు, పాత్ర శరీరంలో ఏం జరుగుతోందని అడిగి చూడండి. అరచేతులు చల్లబడ్డాయా, గొంతు బిగిసిందా, చూపు ఎక్కడ నిలిచింది అన్నవి రాస్తే భావం పేరు చెప్పకుండానే పాఠకుడికి చేరుతుంది.

ఆటిజం అంటే మేధావితనమే అన్న ప్రచారాన్ని మాత్రం నెత్తికెత్తుకోకండి. గాయని సుసాన్ బాయిల్‌కు పుట్టుకలో మెదడుకు దెబ్బ తగిలిందని చిన్నప్పుడు చెప్పారు. 50 ఏళ్లు దాటాక గాని ఆస్పెర్గర్ నిర్ధారణ కాలేదు, ఆ సంగతి ఆమె 2013లో బయటపెట్టారు. ఆమె పాట నిర్ధారణకు ముందూ ఆమెదే, తర్వాతా ఆమెదే. మన పని బాగుండాలి గాని, మన నిర్ధారణను సమర్థించుకోవడానికి అసాధారణంగా ఉండనక్కరలేదు.

ఆరో మెట్టు: బర్నౌట్‌ను ముందుగా పసిగట్టండి

2020లో డోరా రేమేకర్, సహ పరిశోధకులు ఆటిస్టిక్ బర్నౌట్‌ను మూడు గుర్తులతో వర్ణించారు: తీరని అలసట, అప్పటిదాకా ఉన్న నైపుణ్యాలు జారిపోవడం, శబ్దాలు, వెలుతురు వంటివాటిని తట్టుకునే శక్తి తగ్గడం. రెండోదే అందరికంటే ఎక్కువగా కళాకారులను భయపెడుతుంది. ఇరవై ఏళ్లుగా వేస్తున్న చెయ్యి ఒక ఉదయం గీత గీయనంటుంది. అది ప్రతిభ పోవడం కాదు. ఆ స్థితిలో ఇంకా గట్టిగా ప్రయత్నించడం కాలు విరిగినవాడు పరుగు పెంచడం లాంటిది.

మీకు మాత్రమే ప్రత్యేకమైన తొలి సూచనలు మూడు రాసిపెట్టుకోండి. నాకు ఫోను మోగితే కోపం రావడం, ఒకే భోజనం తప్ప మరేదీ మింగుడుపడకపోవడం, మాట వెతుక్కోవలసి రావడం. రెండు కనిపిస్తే కొత్త పని ఒప్పుకోను. మూడూ కనిపిస్తే ఉన్న పనికే గడువు పొడిగించమని అడుగుతాను. విశ్రాంతి అంటే ఖాళీగా ఉండటమే కాదు. ఎవరికీ చూపనక్కరలేని, పూర్తి చేయనక్కరలేని ఇష్టమైన విషయంలో మునగడం చాలామందికి పడుకోవడం కంటే ఎక్కువ బలాన్నిస్తుంది.

బర్నౌట్, డిప్రెషన్ పైకి ఒకేలా కనిపించవచ్చు, రెండూ కలిసి కూడా ఉండవచ్చు. తేల్చుకునే పని ఒంటరిగా పెట్టుకోకండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు ఇతరుల కంటే ఎక్కువని పరిశోధనలు పదేపదే చూపాయి. అటువంటి ఆలోచన వచ్చిన రోజే వైద్యుడికో, అత్యవసర సహాయ కేంద్రానికో, పక్కనున్న మనిషికో చెప్పండి. మాట రాకపోతే రాసి చూపించండి.

ఏడో మెట్టు: ఇతరులతో కలిసి పని చేసే షరతులు రాతలో పెట్టండి

ఆటిజం పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన ద్విముఖ సహానుభూతి సమస్య ఇక్కడ పనికొస్తుంది. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదని, రెండు భిన్న స్వభావాల మధ్య ఇరువైపులా ఏర్పడే అంతరమని ఆయన వాదన. అంతరం ఇరువైపులదీ అయినప్పుడు వంతెన ఖర్చు కూడా ఇద్దరూ పంచుకోవాలి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం సముచిత సర్దుబాటును, అంటే అవసరానికి తగ్గట్టు పరిస్థితులను మార్చడాన్ని, హక్కుగానే గుర్తించింది కనుక, అడగడానికి సిగ్గుపడవలసింది లేదు.

నిర్ధారణ గురించి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ నిర్ణయం. చెప్పకుండానే అవసరాన్ని అడగవచ్చు. నేను ప్రతి కొత్త పనికీ ముందు పంపే ఉత్తరంలో ఇంతే ఉంటుంది: "వివరాలన్నీ రాతపూర్వకంగా పంపగలరు. మార్పులు కోరేటప్పుడు బొమ్మలో ఏ చోటు, ఏ రంగు, ఏ పరిమాణం అన్నది గుర్తించి చెప్పగలరు. ఫోనులో మాట్లాడవలసి వస్తే విషయాలను ఒకరోజు ముందు తెలియజేయగలరు. మార్పులు రెండు విడతలు." దీన్ని ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, వివరంగా అడిగే చిత్రకారుడితో పని తేలికైందని కొందరు అన్నారు కూడా. నాటి సమావేశంలో "తేలిగ్గా" అన్న మాటకు అర్థం అడగలేకపోయిన నేను, ఇప్పుడు మూడు చిన్న నమూనాలు గీసి, వీటిలో ఏది అని అడుగుతాను.

విమర్శను వచ్చిన రోజే చదివి జవాబు ఇవ్వకండి. తెరిచి, ఒకసారి చూసి, మూసి, మరునాడు ప్రతి వాక్యాన్నీ చేయవలసిన పనిగా, ఒకరి అభిప్రాయంగా, అర్థం కానిదిగా మూడు రకాలుగా విడదీయండి. మూడో రకానికి మాత్రమే ప్రశ్నలు పంపండి.

ప్రదర్శన, పుస్తకావిష్కరణ, కచేరీ వంటి బహిరంగ సందర్భం ఏదైనా ఉంటే, తేదీ ఖరారు కాగానే దాని తర్వాతి రెండు రోజులను కూడా క్యాలెండరులో నింపేయండి. అడిగినవారికి ఆ రోజుల్లో పని ఉందనే చెప్పండి, నిజంగానే ఉంది కనుక. సభకు వెళ్లేముందు, పక్కకు వెళ్లి కూర్చోగల గది ఏదో నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. ఎన్నింటికి బయలుదేరి వచ్చేస్తారో మీతో వచ్చేవారికి ముందే చెప్పండి. మూడో రోజు ఉదయం కూర్చోబోయే బల్ల మీద చీటీ ఉందో లేదో చూసుకుని గది తలుపు వేయండి.